టినోలా: మునగాకు వేసిన కోడిరసము

మన చిత్తూరు సీమలో చుట్టము వచ్చిన దినమున నాటుకోడిని కోసి, పులుసు కాచి, రాగిసంగటితో వడ్డించుట వాడుక. ఇంటికి పెద్దయైనవారికి కాలుముక్క వేయుట మర్యాద. మా అత్తగారికి నేనును ఏండ్ల తరబడి అట్లే వేయుచుంటిని. ఆమెకు పండ్లు ఊడి చాలకాలమైనది. ఆ ముక్కను మెల్లగా ప్రక్కనున్న బిడ్డ కంచములోనికి జార్చి, కారపు పులుసుతో రెండు ముద్దలు మ్రింగి లేచెడిది. మేము చేసిన మర్యాదయే ఆమెను పస్తుంచుచున్నదని నాకు ఆలస్యముగా తెలిసినది.

మా చిన్నవాడు వైద్యము చదువుటకై ఫిలిప్పీను దీవులలోని దవావో నగరమునకు వెళ్లినాడు. మన తెలుగు బిడ్డలు అనేకులు అక్కడ చదువుచున్నారు. వాడు సెలవులకు వచ్చి, "అవ్వా, అక్కడివారి కోడిరసము నీకు సరిపోవును. మన పెరటి మునగాకే అందులో వేయుదురు" అనెను. దాని పేరు టినోలా. ఆ దేశపు రచయిత హోసే రిజాల్ 1887లో ప్రకటించిన 'నోలి మే తాంగెరె' అను నవలలో ఒక విందు కలదు. అందు ఒక మతగురువు తనకు టినోలాలో మెడముక్కయు, గట్టి రెక్కయు వచ్చెనని కోపగించును. ముక్కల పంపకమున పట్టింపు మనకే కాదు, వారికిని కలదు.

చేయు విధము చెప్పెదను. కిలో మాంసమునకు బొటనవ్రేలంత అల్లము, ఒక ఎఱ్ఱగడ్డ, నాలుగు తెల్లగడ్డపాయలు, చిన్న పచ్చి బొప్పాయికాయ, రెండు పిడికిళ్ల మునగాకు చాలును. ముదురుకోడియైనచో కొంచెము బొప్పాయిని తురిమి ముక్కలకు పట్టించి అరగంట యుంచవలెను. పచ్చికాయ పాలకు మాంసమును మెత్తపరచు గుణము కలదు. బాగుగా ఉడికిన పిదప ఆ గుణము నశించును గనుక ముందే పట్టింపవలెను.

నూనెలో అల్లము, తెల్లగడ్డ, ఎఱ్ఱగడ్డ వేయించి, ముక్కలు వేసి, రంగు మారిన తరువాత రెండవమారు బియ్యము కడిగిన నీరు నిండుగా పోయవలెను. మన యిండ్ల కుడితితొట్టికి పోవు నీరే అది. రసమునకు కొంత చిక్కదనమిచ్చును. వారు చేపలనుండి తీసిన ఉప్పురసము వేయుదురు. మనకు ఉప్పు చాలును. చింతపండు, కారము, కొబ్బరి వలదు. సన్ననిమంటపై నాటుకోడి గంటన్నర, ఫారముకోడి ముప్పాతిక గంట ఉడుకవలెను. మాంసము ఎముకను విడుచు వేళకు బొప్పాయిముక్కలు వేసి మెత్తబడనిచ్చి, దించునప్పుడు మునగాకు కలిపి మూత పెట్టవలెను. ఆకు ఎక్కువసేపు ఉడికినచో చేదెక్కును. గర్భిణులున్న యింట బొప్పాయికి మారుగా సొరకాయ వేయవలెను. బాలింతలకు పాలు పడుటకై అక్కడివారు ఈ రసమునే ఇత్తురు. మన అవ్వలును బాలింతకు మునగాకు పెట్టెడివారు.

ఆ రాత్రి ఎముకలు తీసి, మాంసమును వ్రేళ్లతో చిదిపి, రసములో కలిపి, మెత్తని సంగటితో మా అత్తగారికి వడ్డించితిని. ఆమె కంచము ఖాళీ చేసి, "ఇంక కొంచెము పోయుమమ్మా" అనెను. ఆ మాట ఆమె నోట విని ఎన్నేండ్లయినదో!

పెద్దలారా! మీకును నమలుట కష్టమైనచో, ముక్కను ప్రక్కకు జార్చి ఊరకుండవలదు. ఇంటనున్నవారికి నోరు విప్పి చెప్పుడు. మీరు చెప్పనిది వారికి తెలియదు.