పూచీకత్తులోని మాట

తెలుగునాట పూచీ అను మాట నేటిది కాదు. ఒకని అప్పునకు వేరొకడు పూచీపడుటయు, అవసరమైనచో పూచీకత్తు వ్రాసియిచ్చుటయు పెద్దల కాలమునుండి వచ్చుచున్న ఆచారములే. ఇచ్చిన మాటకు మనిషి నిలువవలెనను భావము ఆ పదమున ఇమిడియున్నది. నేడు ఆ పూచీ మనుష్యులతో ఆగక వస్తువులను కూడ ఆశ్రయించినది. చేతిలోని ఫోనునకు, బల్లమీది ల్యాప్‌టాపునకు, పిల్లవాడు పాఠములు చదువుకొను ట్యాబునకు వారంటీ అను పేర అది వెంటవచ్చుచున్నది. మరికొంత సొమ్ము చెల్లించినచో దాని గడువును పొడిగింతుమని అంగడివారు చెప్పుదురు. కాని వస్తువు చేజారి పడిననాడు తప్ప ఆ కాగితమున ఏమి వ్రాసియున్నదో చదువువారు అరుదు.

ఇందు మొట్టమొదట గ్రహింపవలసిన భేదమొకటి కలదు. తయారీలో జరిగిన లోపమునకు తయారీదారు వహించు బాధ్యతయే వారంటీ. వస్తువు దానంతట అది పనిచేయుట మానినచో అది లోపము. చేయి తగిలి నేలపై పడినచో, కాఫీ ఒలికినచో అది లోపము కాదు, ప్రమాదము. పొడిగించిన వారంటీ సాధారణముగా కాలమును పెంచునే గాని పరిధిని పెంచదు. మొదటి యేడు దేనికి పూచీ లేదో, రెండవ యేడును దానికి లేదు. పడుట, పగులుట, తడియుట వంటివానికి ప్రమాద నష్ట రక్షణ అను వేరొక పథకము కలదు. దాని వెనుక తరచుగా ఒక బీమా సంస్థ యుండును. రెండును ఒకే అంగడిలో, ఒకే బిల్లుపై అమ్ముడగుటచే కొనువారు రెండింటిని ఒకటిగా భ్రమింతురు.

నీటి విషయమున మరియొక భ్రమ కలదు. కొన్ని ఫోనుల పెట్టెలపై ఐపీ 68 అను గుర్తుండును. అందు 6 అను అంకె ధూళిని, 8 అను అంకె నీట మునుగుటను తట్టుకొను శక్తిని తెలుపును. కాని ఆ పరీక్ష ప్రయోగశాలలో మంచినీటితో జరుగునది. సబ్బునీటికి, సముద్రపు ఉప్పునీటికి అది హామీ కాదు. అట్టి ఫోనులకును నీటివలన కలిగిన నష్టము వారంటీలో చేరదని పలువురు తయారీదారులు తమ షరతులలోనే వ్రాయుదురు.

ఈ భేదమెరుగనివారు భయపడి అబద్ధమునకు దిగుదురు. నీరు పడినదన్నచో క్లెయిమును త్రోసివేయుదురని తలచి, దానంతట అదే ఆగిపోయినదని వ్రాయుదురు. కాని అనేక ఫోనుల లోపల ఒక చిన్న తెల్లని అంటుకాగితముండును. తడి తగిలినచో అది ఎర్రబారును. మరమ్మతుదారు చూచిన క్షణముననే నిజము బయటపడును. విచిత్రమేమనగా, ప్రమాద రక్షణ కొనినవానికి ఆ నిజమే లాభకరము. నీరు పడుటను భరించు పథకములు కలవు. అబద్ధమును మాత్రము ఏ పథకమును భరింపదు. బీమా ఒప్పందము పరస్పర విశ్వాసముపై నిలుచునది గనుక, న్యాయముగా రావలసిన సొమ్ము సైతము ఒక్క అసత్యముచే చేజారవచ్చును.

ప్రమాదము జరిగినంతనే చేయవలసిన పనులు కొన్ని కలవు. తడిసిన వస్తువును ఆపివేయవలెను, ఛార్జింగు పెట్టరాదు. పగిలిన దానిని పలుదిక్కుల ఫోటోలు తీయవలెను. వీధి చివరి దుకాణమున విప్పించినచో పూచీయే రద్దు కావచ్చును గనుక, పథకమువారు చెప్పిన కేంద్రమునకే తీసికొనిపోవలెను. తెలియజేయుటకు కొన్ని పథకములలో గడువు ఒకటి రెండు దినములు మాత్రమే. బిల్లు, పథకపు పత్రము, వస్తువు సంఖ్య సిద్ధముగా నుండవలెను. ఫోనునకు ఈ సంఖ్య 15 అంకెలు గల ఐఎంఈఐ. అది బిల్లుమీదను, పెట్టెమీదను ఉండును. పూచీ వస్తువునకే గాని అందలి సమాచారమునకు కాదు. పాఠముల నోట్సు, కుటుంబపు చిత్రములు వేరొకచోట భద్రపరచియుండనిచో అవి తిరిగి రాకపోవచ్చును.

ఇక వ్రాతపని. పాఠశాలలో లేఖారచన నేర్చిన విద్యార్థికి ఇదియొక చక్కని అభ్యాసము. "నా ట్యాబు పాడైనది, దయతో బాగుచేయించగలరు" అనుటలో వినయమున్నది గాని విషయము లేదు. "శనివారము సాయంత్రము ఆరు గంటలకు ట్యాబు బల్లపైనుండి సిమెంటు నేలపై పడినది. తెర కుడివైపు పగిలినది. వ్రేలితో తాకినను కదలుట లేదు" అనుటలో ఎప్పుడు, ఎక్కడ, ఎట్లు, ఏమి అను నాలుగు ప్రశ్నలకును సమాధానము కలదు. ఊహలు, నిందలు, అలంకారములు ఇందు అక్కరలేదు. వ్రాసినదాని నకలును, వారిచ్చిన రసీదు సంఖ్యను దాచుకొనవలెను.

క్లెయిమును నిరాకరించినచో ఏ షరతు ననుసరించి నిరాకరించిరో వ్రాతపూర్వకముగా అడుగవలెను. కారణము సరికాదని తోచినచో మార్గములున్నవి. 1915 అను సంఖ్యకు ఫోనుచేసి జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రమున ఫిర్యాదు చేయవచ్చును. 1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టము స్థానమున వచ్చిన 2019 చట్టము 2020 జూలైలో అమలులోనికి వచ్చినది. దాని ప్రకారము కొనినవాడు తాను నివసించు జిల్లాలోని కమిషనులోనే, వివాదము పుట్టిన రెండేండ్లలోపల ఫిర్యాదు వేయవచ్చును. చెల్లించిన వెల ఐదు లక్షల రూపాయలకు మించనిచో రుసుము లేదు. న్యాయవాదిని పెట్టుకొనవలెనను నిర్బంధమును లేదు. పథకము బీమా సంస్థదైనచో, ముందు ఆ సంస్థకే ఫిర్యాదు వ్రాసి, నెలలో తగిన సమాధానము రానిచో బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయింపవచ్చును. ఆ కార్యాలయము హైదరాబాదునను కలదు.

అయితే ఇన్ని మెట్లెక్కు శ్రమ కొనునాడే కొంత తగ్గింపవచ్చును. చేజారి పడినచో వర్తించునా? నీరు పడినచో వర్తించునా? మరమ్మతు ఖర్చులో కొనినవాని వంతు ఎంత? వస్తువు పాతబడినకొలది చెల్లింపు తగ్గునా? ఈ నాలుగు ప్రశ్నలను అంగడిలోనే అడిగి, సమాధానములు పత్రమున ఎక్కడ ఉన్నవో చూపుమనవలెను. నోటిమాటగా చెప్పి కాగితమున చూపలేని పూచీకి సొమ్ము చెల్లింపకుండుటయే మేలు.