పట్టా కంటె ముందు విద్యా స్థితి: అమెరికా వేదాంత కళాశాలలలో గ్రాడ్యుయేట్ విద్యార్థులకున్న నిబంధనలు

ఉపోద్ఘాతము

మన తెలుగు సంఘముల నుండి బి.డి. ముగించిన యౌవన సేవకులు అనేకులు ఉన్నత వేదాంత విద్య కొరకు అమెరికా వైపు చూస్తున్నారు. సీటు దొరుకుతుందా, స్కాలర్‌షిప్ ఎంత ఇస్తారు, వీసా వస్తుందా అనే మూడు ప్రశ్నలతో వారు మన యొద్దకు వస్తారు. చేరిన తరువాత అక్కడ నిలిచి ఉండుటకు ఏమి కావలెను అనే నాలుగవ ప్రశ్న అడిగేవారు తక్కువ. ఈ వ్యాసము ఆ నాలుగవ ప్రశ్నను గూర్చినది.

గోపురము కట్టగోరువాడు ముందుగా కూర్చుండి ఖర్చు లెక్కచూచుకొనవలెనని ప్రభువు చెప్పిన ఉపమానము (లూకా 14:28-30) మనకు తెలిసినదే. ఉన్నత విద్యకు కూడ అటువంటి లెక్క ఒకటి ఉన్నది. అది డబ్బు లెక్క మాత్రమే కాదు.

1. గ్రాడ్యుయేట్ అనగా ఎవరు?

మన వాడుకలో గ్రాడ్యుయేట్ అంటే బి.ఎ., బి.కాం. వంటి డిగ్రీ ముగించినవాడు. అమెరికాలో గ్రాడ్యుయేట్ విద్యార్థి అంటే ఆ మొదటి డిగ్రీ ముగించి పైచదువు చదువుతున్నవాడు. మనము పోస్టు గ్రాడ్యుయేట్ అని పిలిచేది అతనినే.

ఇక్కడ మన బి.డి. విషయములో ఒక చిక్కు ఉన్నది. సెరంపూర్ కళాశాల 1818లో స్థాపించబడి, 1827లో డెన్మార్కు రాజు ఇచ్చిన చార్టరు ద్వారా పట్టాలిచ్చే అధికారము పొందింది. హైదరాబాదులోని ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల వంటి సంస్థలలో చదివినవారు పొందేది ఆ సెరంపూర్ పట్టానే. అమెరికాలో కూడ పూర్వము ఇదే బి.డి. ఉండేది. 1960, 1970 దశకములలో అక్కడి కళాశాలలు దాని పేరును ఎం.డివ్. అని మార్చుకొన్నాయి. మనము పాత పేరునే ఉంచుకొన్నాము. పేరులో బ్యాచిలర్ అని ఉన్నందున దానిని మొదటి డిగ్రీగానే లెక్కించే కళాశాలలు ఉన్నాయి. ఎం.డివ్.తో సమానముగా అంగీకరించే కళాశాలలూ ఉన్నాయి. ఈ నిర్ణయము ఆయా కళాశాలదే.

బి.ఎ. తరువాత బి.డి. చేసినవారికి ఇది కొంత సులభము. ఇంటర్మీడియట్ తరువాత నేరుగా వేదాంత విద్యలో ప్రవేశించిన వారికి కష్టము. కనుక దరఖాస్తు రుసుము చెల్లించక ముందే తన మార్కుల పట్టికను, పాఠ్యప్రణాళికను పంపి, తన బి.డి.ని ఏ స్థాయిగా ఎంచుతారో వ్రాతపూర్వకముగా అడిగి తెలుసుకొనవలెను.

2. క్రెడిట్ లెక్క

అక్కడ చదువును సంవత్సరములతో కాక క్రెడిట్లతో కొలుస్తారు. 2011 నుండి అమలులో ఉన్న ప్రభుత్వ నిర్వచనము ప్రకారము ఒక క్రెడిట్ అంటే సుమారు 15 వారములపాటు వారమునకు ఒక గంట తరగతి, దానికి తోడు తరగతి వెలుపల కనీసము రెండు గంటల పని. అనగా ఒక క్రెడిట్‌కు 45 గంటలు, మూడు క్రెడిట్ల సబ్జెక్టుకు 135 గంటలు.

ఒక సెమిస్టరులో తొమ్మిది క్రెడిట్లు తీసికొన్న విద్యార్థి వారమునకు తొమ్మిది గంటలు మాత్రమే తరగతిలో కూర్చుంటాడు. అది చూచి తీరిక ఎక్కువ అని భ్రమపడరాదు. అతడు చేయవలసిన పని వారమునకు 27 గంటలు. ఆంగ్లములో మెల్లగా చదివేవారికి ఇంకా ఎక్కువ పడుతుంది.

3. విద్యా స్థితి అనగా ఏమి?

పరీక్షలో గట్టెక్కితే చాలుననే అలవాటులో పెరిగినవారము మనము. అక్కడ ప్రతి సెమిస్టరు చివర విద్యార్థి లెక్క అప్పగించవలెను. ఆ లెక్కను బట్టి కళాశాల అతని విద్యా స్థితిని నిర్ణయిస్తుంది. దీనినే అకడమిక్ స్టాండింగ్ అంటారు. ఇందులో సాధారణముగా మూడు మెట్లు ఉంటాయి: సరియైన స్థితి, ప్రొబేషన్, తొలగింపు.

లెక్క ఇలా కడతారు. ఎ గ్రేడుకు 4, బి గ్రేడుకు 3, సి గ్రేడుకు 2 పాయింట్లు. వీటిని క్రెడిట్లతో హెచ్చించి, మొత్తమును క్రెడిట్ల సంఖ్యతో భాగిస్తే వచ్చేది జి.పి.ఏ. ఎం.డివ్.లో కనీస జి.పి.ఏ. కొన్నిచోట్ల 2.0, కొన్నిచోట్ల 2.5. టిహెచ్.ఎం., పి.హెచ్.డి.లలో సాధారణముగా 3.0 అడుగుతారు.

ఒక ఉదాహరణ చూద్దాము. టిహెచ్.ఎం. విద్యార్థికి మొదటి సెమిస్టరులో మూడేసి క్రెడిట్ల మూడు సబ్జెక్టులలో బి, బి, సి వచ్చాయి. తొమ్మిది క్రెడిట్లకు 24 పాయింట్లు, అనగా 2.67. ఒక్క సబ్జెక్టు కూడ తప్పలేదు, అయినను అతడు 3.0 కంటె క్రిందికి దిగి ప్రొబేషన్‌లో పడ్డాడు. సి గ్రేడు మనకు ఉత్తీర్ణతగా కనబడుతుంది, అక్కడ అది హెచ్చరిక. అయితే తరువాతి సెమిస్టరులో ఒక ఎ, రెండు బి గ్రేడులు వస్తే 30 పాయింట్లు చేరి, 18 క్రెడిట్లకు 54 పాయింట్లు అవుతాయి. జి.పి.ఏ. సరిగ్గా 3.0కు వస్తుంది.

కనుక ప్రొబేషన్ అంటే చదువు ముగిసిపోయినట్లు కాదు, సరిదిద్దుకొనుటకు ఇచ్చిన గడువు. మనవారిలో కొందరు దానిని అవమానముగా ఎంచి, ఇంటివారికి గాని పంపిన సంఘమునకు గాని చెప్పరు. సలహాదారుడైన అధ్యాపకుని యొద్దకు కూడ వెళ్లరు. ఆ మౌనములోనే రెండవ సెమిస్టరు కూడ జారిపోతుంది.

మరి రెండు సంగతులు తెలిసి ఉండవలెను. వ్యాసము సమయానికి ఇవ్వలేనప్పుడు ముందుగా అడిగితే ఇన్‌కంప్లీట్ అనే అనుమతి ఇవ్వవచ్చు. దాని గడువులోగా పని ముగించకపోతే అనేక కళాశాలలలో అది ఎఫ్ గ్రేడుగా మారుతుంది. సబ్జెక్టును మోయలేనని తెలిసినప్పుడు నిర్ణీత తేదీలోగా విరమించుకొంటే జి.పి.ఏ. పాడుకాదు. తేదీ దాటితే పాడవుతుంది. అయితే వీసా మీద ఉన్నవారు ఐదవ భాగములోని సంగతి చూడక విరమించుకొనరాదు.

4. పట్టాను బట్టి అర్హతలు

అమెరికా, కెనడాలలోని వేదాంత కళాశాలలకు గుర్తింపునిచ్చే సంస్థ ఏ.టి.ఎస్. దీని ఆరంభము 1918లో జరిగింది. 2020లో ఆమోదించిన దాని ప్రమాణముల ప్రకారము ఎం.డివ్.కు కనీసము 72 సెమిస్టర్ క్రెడిట్లు, ఎం.ఎ.కు 36, టిహెచ్.ఎం.కు 24, డి.మిన్.కు 30 క్రెడిట్లు కావలెను. ఇవి కనీసపు సంఖ్యలు. కళాశాలలు ఇంతకంటె ఎక్కువ అడుగవచ్చు.

క్రెడిట్లు నిండినంత మాత్రాన పట్టా రాదు. ఎం.డివ్.లో సంఘ పరిచర్య శిక్షణ కూడ ఉంటుంది. టిహెచ్.ఎం.లో సాధారణముగా సిద్ధాంత వ్యాసము గాని సమగ్ర పరీక్ష గాని ఉంటుంది. డి.మిన్. పరిచర్యలో అనుభవమున్న సేవకుల కొరకైనది. తన పరిచర్యలోని ఒక సమస్యను అధ్యయనము చేసి ప్రాజెక్టు సమర్పించవలెను. అది పి.హెచ్.డి. కాదు, దానికి తక్కువదీ కాదు, దాని ఉద్దేశ్యము వేరు.

పి.హెచ్.డి.లో తరగతులు ముగిసిన తరువాత సమగ్ర పరీక్షలు వ్రాసి, పరిశోధనాంశమునకు ఆమోదము పొంది, ఆ తరువాతనే సిద్ధాంత గ్రంథము వ్రాయవలెను. బైబిలు అధ్యయనము ఎంచుకొన్నవారికి హెబ్రీ, గ్రీకు భాషలకు తోడు జర్మన్, ఫ్రెంచి వంటి భాషలలో చదివే సామర్థ్యము అడుగుతారు. బి.డి.లో ఉన్నప్పుడు గ్రీకును పరీక్ష కొరకు మాత్రమే కంఠస్థము చేసినవారికి ఇక్కడ కష్టము తెలిసివస్తుంది. ఇప్పుడు సెమినరీలో ఉన్న విద్యార్థులు ఈ మాట ప్రత్యేకముగా గమనించవలెను.

5. వీసాతో ముడిపడిన స్థితి

ఎఫ్-1 వీసా మీద ఉన్న విద్యార్థి ప్రతి రెగ్యులర్ సెమిస్టరులో పూర్తికాల విద్యార్థిగా ఉండవలెను. గ్రాడ్యుయేట్ విద్యార్థికి ఎన్ని క్రెడిట్లయితే పూర్తికాలమో కళాశాల చెబుతుంది. అనేకచోట్ల అది తొమ్మిది. ముందుగా విదేశీ విద్యార్థుల అధికారి అనుమతి లేకుండా ఒక సబ్జెక్టు వదిలివేస్తే ఇమ్మిగ్రేషన్ స్థితి పోతుంది. ఆన్‌లైన్ సబ్జెక్టులలో ఒకటి మాత్రమే, అనగా మూడు క్రెడిట్ల వరకే, ఆ లెక్కలోనికి వస్తుంది. తరగతులు జరిగే కాలములో ప్రాంగణములో వారమునకు 20 గంటలకు మించి పని చేయరాదు. అనుమతి లేకుండా బయట పని చేయుట నిషిద్ధము. కళాశాల తొలగించిన విద్యార్థి చదువుతో పాటు ఆ దేశములో ఉండే ఆధారమును కూడ పోగొట్టుకొంటాడు.

6. స్వంత వ్రాత

మన ప్రసంగములలో ఒకరి దృష్టాంతమును మరొకరు పేరు చెప్పకుండా వాడుకొనుట అలవాటైపోయింది. ఎవరూ దానిని దొంగతనము అనరు. అదే అలవాటు అక్కడి వ్యాసములోనికి వస్తే, మూలము చెప్పకుండా వ్రాసిన ఒక్క పేరా వలన ఎఫ్ గ్రేడు గాని, తొలగింపు గాని రావచ్చు. అనుమతి లేకుండా కంప్యూటరు చేత వ్రాయించి తనదిగా సమర్పించుటకు కూడ ఇదే వర్తిస్తుంది. తెలియదు అనే సమాధానము అక్కడ చెల్లదు. ఎవరి మాట వారికి అప్పగించుట ఇక్కడి సెమినరీలోనే నేర్చుకొనవలసిన క్రమశిక్షణ.

7. చదవకుండా వచ్చే పట్టాలు

ఇంత శ్రమ గల పట్టా ఒకవైపు ఉండగా, తరగతి లేకుండా, గ్రంథాలయము లేకుండా, కొంత రుసుము చెల్లిస్తే చాలునని డాక్టరేట్లు ఇచ్చే సంస్థలు మన పట్టణములలోని హోటళ్లలోనే స్నాతకోత్సవములు జరుపుతున్నాయి. గౌరవ డాక్టరేట్ అనేది చదివి సంపాదించిన పట్టా కాదు. గుర్తింపు ఉన్నదని చెప్పుకొనే ప్రతి సంస్థకూ నిజమైన గుర్తింపు ఉండదు. ఆ గుర్తింపునిచ్చిన సంస్థ కూడ నామమాత్రమైనదే కావచ్చు. అమెరికా విద్యాశాఖ గాని, సి.హెచ్.ఇ.ఏ. గాని అంగీకరించిన గుర్తింపు సంస్థల పేర్లు వారి జాబితాలలో ఉంటాయి. ఏ.టి.ఎస్., ఏ.బి.హెచ్.ఇ., ట్రాక్స్ అటువంటివి. కళాశాల పేరు వాటి జాబితాలో ఉన్నదో లేదో చూచుకొనుటకు కొన్ని నిమిషములు చాలును.

ముగింపు

దానియేలు, అతని స్నేహితులు మూడు సంవత్సరములు శిక్షణ పొంది, ఆ గడువు ముగిసిన తరువాత రాజు ఎదుట నిలువబడి పరీక్షింపబడ్డారు (దానియేలు 1:5, 18-20). గడువును గాని పరీక్షను గాని వారు తప్పించుకొనలేదు. దేవుడు వారికి జ్ఞానమిచ్చినది ఆ శిక్షణలోనే.

కాబట్టి కాపరులమైన మనము సిఫారసు ఉత్తరము మీద సంతకము చేయక ముందు విద్యార్థిని ఈ ప్రశ్నలు అడుగుదము. ఆ కళాశాలకు ఎవరి గుర్తింపు ఉన్నది? నీ బి.డి.ని ఏ స్థాయిగా అంగీకరించారు? కనీస జి.పి.ఏ. ఎంత? పట్టా ముగించుటకు గడువు ఎంత? స్కాలర్‌షిప్ నిలుచుటకు ఏ స్థితి అవసరము? వెళ్లిన తరువాత మొదటి సెమిస్టరు ఫలితము వచ్చినప్పుడు ఒకసారి ఫోను చేసి అడుగుదము. గ్రేడు తగ్గినదని చెప్పుటకు అతనికి ధైర్యము కలిగేలా అడుగుదము. పంపిన సంఘము అతనికి సహాయము చేయగల సమయము అదే.