శిక్ష తీరిన రైతుకు ఊరే అండ

అనంతపురం చేరువలోని రెడ్డిపల్లెలో 1965లో ఏర్పడిన ఓపెన్ ఎయిర్ జైలుకు ఎత్తయిన గోడలు లేవు. సెంట్రల్ జైళ్లలో సత్ప్రవర్తన చూపిన ఖైదీలను ఎంపికచేసి ఇక్కడికి పంపుతారు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన, అదీ నమ్మకంలేని మెట్టభూమి. అందులో సేద్యం, పశుపోషణ చేస్తూ వారు పనిలో నిలుస్తారు.

అసలు కష్టం విడుదలయ్యాక మొదలవుతుంది. భూమి కౌలుకివ్వడానికి ఆసామి జంకుతాడు. విత్తనాలకు అప్పు పుట్టదు. కూలికి పిలిచేవారుండరు. ఊరి పెద్దలు నలుగురు పూచీపడితే వేరుశనగ అదనుకు కౌలుచేను, కాడెద్దులు దొరుకుతాయి. భూమి తగాదా ఉన్న పేదవారికి 1987 చట్టం కింద జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. కోర్టు వేసిన శిక్ష తీరిపోయింది. ఊరు మరో శిక్ష వేయడం న్యాయం కాదు.