తప్పు చేసిన ప్రతివాడూ దుష్టుడేనా? ఫాంటసీ పాత్రలపై అపోహలు – వాస్తవాలు

హ్యారీ పాటర్ చదివినవాళ్లు నలుగురు ఒకచోట చేరితే స్నేప్ మంచివాడా, చెడ్డవాడా అన్న వాదన రాక మానదు. 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' చూసినవాళ్లలో జైమీ లానిస్టర్‌ను వెనకేసుకొచ్చేవాళ్లు కొందరైతే, ఆ పేరెత్తితేనే మండిపడేవాళ్లు కొందరు. ఈ వాదనలు జరగాల్సిందే. కాకపోతే చాలావరకు అవి రెండు మాటల దగ్గరే ఆగిపోతున్నాయి. ఘోరం చేశాడు కాబట్టి దుర్మార్గుడని ఒకరంటారు. వాడి బాధ తెలిస్తే అలా అనరని ఇంకొకరంటారు. మొదటి మాట మనిషిని ఒక్క పనికి కుదించేస్తుంది. రెండో మాట ఆ పనివల్ల నష్టపోయినవాళ్లను మరిచిపోతుంది. మంచి ఫాంటసీ రచయితలు ఈ రెండు మాటలకూ లొంగని పాత్రలను సృష్టించారు. ఆ పాత్రల గురించి బాగా పాతుకుపోయిన కొన్ని అపోహలను ఇక్కడ పరిశీలిద్దాం. కథల ముగింపులూ ప్రస్తావనకు వస్తాయి కాబట్టి, ఇంకా చదవనివారు గమనించగలరు.

అపోహ 1: పాత ఫాంటసీ అంతా మంచివాళ్లు, చెడ్డవాళ్లే. గ్రే షేడ్స్ ఉన్న పాత్రలు ఈమధ్య వచ్చినవే.

వాస్తవం: జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్ 'ఎ గేమ్ ఆఫ్ థ్రోన్స్' నవల 1996లో వచ్చింది. అంతకు 35 ఏళ్ల ముందే, 1961లో, మైకేల్ మూర్‌కాక్ 'ఎల్రిక్' అనే కథానాయకుణ్ని తీసుకొచ్చాడు. అతను సొంత నగరం మీదికే శత్రువులను నడిపించుకొస్తాడు. ప్రేమించిన స్త్రీ అతని చేతిలోని కత్తికే బలవుతుంది. ఇంకా వెనక్కి వెళితే, 1950లో సి.ఎస్. లూయిస్ పిల్లల కోసం రాసిన తొలి నార్నియా కథలో ఎడ్మండ్ అనే కుర్రాడు మిఠాయికి ఆశపడి, సొంత అన్నను, అక్కచెల్లెళ్లను మంత్రగత్తెకు పట్టివ్వబోతాడు. లోపాలున్న మనుషులు ఈ సాహిత్యంలో మొదటినుంచీ ఉన్నారు.

అపోహ 2: 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్'లో గోలమ్ పుట్టుకతోనే దుర్మార్గుడు. వాడు మారే అవకాశమే లేదు.

వాస్తవం: గోలమ్ అసలు పేరు స్మీగోల్. హాబిట్లకు దగ్గరి జాతివాడు. పుట్టినరోజు నాడు స్నేహితుడు డీగోల్‌తో కలిసి చేపలు పట్టడానికి వెళ్తే, డీగోల్‌కు నది అడుగున ఉంగరం దొరుకుతుంది. దాన్ని తనకిమ్మని అడిగి, ఇవ్వనన్నందుకు గొంతు నులిమి చంపేస్తాడు. ఇది హత్యే. ఉంగరం ప్రభావం ఎంతున్నా, తర్వాత అదే ఉంగరం దొరికిన హాబిట్ బిల్బో తొలిరోజే ఎవరినీ చంపలేదు. పైగా దారికి అడ్డంగా ఉన్న గోలమ్‌ను చంపే వీలుండీ, జాలిపడి వదిలేశాడు. స్మీగోల్ ఎంపిక స్మీగోల్‌దే.

కానీ కథ అక్కడితో అయిపోలేదు. దాదాపు 500 ఏళ్లు ఆ ఉంగరానికి బానిసగా బతికాక కూడా అతనిలో ఏదో మిగిలే ఉంటుంది. కిరిత్ ఉంగోల్ మెట్ల దగ్గరి సన్నివేశం అందుకు సాక్ష్యం. ఉంగరాన్ని నాశనం చెయ్యడానికి బయల్దేరిన హాబిట్లు ఫ్రోడో, శామ్ అలసి నిద్రపోతుంటారు. వాళ్లను సాలీడు రాక్షసికి అప్పగించే ఏర్పాటు చేసుకుని గోలమ్ తిరిగొస్తాడు. ఆ ఇద్దరినీ చూసి ఆగిపోతాడు. ముఖం మారిపోతుంది. వణికే చేత్తో ఫ్రోడో మోకాలిని మెల్లగా తాకుతాడు. ఆ క్షణంలో చూసినవాళ్లెవరికైనా అతను అయినవాళ్లందరినీ పోగొట్టుకుని, కాలం తీరినా ఇంకా బతుకుతున్న ముసలి హాబిట్‌లా కనిపించేవాడు. అంతలో శామ్ మేలుకుని దొంగను కసిరినట్టు కసురుతాడు. గోలమ్ ముడుచుకుపోతాడు. ఆ క్షణం జారిపోతుంది. తన కథ మొత్తంలో బహుశా అన్నిటికన్నా విషాదమైన ఘట్టం ఇదేనని టోల్కీన్ 1963లో ఒక ఉత్తరం చిత్తుప్రతిలో రాశాడు. బాగుపడే దారి లేనివాడి విషయంలో రచయిత అంతగా బాధపడడు.

అలాగని టోల్కీన్ నెపమంతా శామ్ మీద వెయ్యలేదు. కసిరినందుకు గోలమ్ నొచ్చుకున్నాడు, నిజమే. ఆ తర్వాత తలపెట్టిన ద్రోహాన్ని కొనసాగించింది మాత్రం అతనే. టోల్కీన్ దగ్గర జాలీ, తీర్పూ రెండూ కలిసే ఉన్నాయి.

అపోహ 3: ఒక్కసారి ద్రోహం చేసినవాడి అసలు రంగు అదే.

వాస్తవం: 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్'లో ఫ్రోడోతో కలిసి బయల్దేరిన బొరొమిర్ ఉంగరం కోసం అతని మీదే చెయ్యి చేసుకోబోయాడు. కాసేపటికే తెప్పరిల్లి ఏడ్చాడు. తర్వాత తోటి ప్రయాణికులైన హాబిట్లు మెర్రీ, పిప్పిన్‌లను కాపాడబోయి ఒళ్లంతా బాణాలు దిగి నేలకొరిగాడు. చనిపోయే ముందు తాను చేసిన తప్పును సహచరుడు ఆరగార్న్ దగ్గర తానే ఒప్పుకున్నాడు. ఎవరూ చూడని నేరం అది. చెప్పకపోతే వీరుడిగానే పోయేవాడు. ఓడిపోయానని అతను చెబుతుంటే, కాదు గెలిచావని ఆరగార్న్ అంటాడు.

ఎడ్మండ్ తర్వాతి పుస్తకాల్లో న్యాయానికి పేరుపడ్డ రాజవుతాడు. 1954లో వచ్చిన 'ది హార్స్ అండ్ హిజ్ బాయ్'లో ఒక ద్రోహిని చంపాలా వద్దా అన్న చర్చ వస్తే, ద్రోహి కూడా మారగలడని, అలాంటివాణ్ని ఎరుగుదునని అంటాడు. ఆ మాట తన గురించేనని చదువరికి తెలుసు. అతను పాత తప్పును దాచుకోలేదు. ఎదుటివాడికి మరో అవకాశం ఇవ్వడానికి దాన్నే వాడుకున్నాడు.

అపోహ 4: ఫ్లాష్‌బ్యాక్ తెలిశాక ఆ పాత్రను తప్పుపట్టకూడదు.

వాస్తవం: మన పాఠకులను ఎక్కువగా పట్టి ఉంచే అపోహ ఇదే. స్నేప్‌నే తీసుకుందాం. 2007లో వచ్చిన చివరి పుస్తకంలో అతని జ్ఞాపకాలు బయటపడతాయి. చిన్ననాటి స్నేహితురాలు, హ్యారీ తల్లి అయిన లిలీ మీద చెరగని ప్రేమ, ఆమె చనిపోయాక ఏళ్ల తరబడి ప్రాణాలకు తెగించి చేసిన గూఢచర్యం, ప్రధానోపాధ్యాయుడు డంబుల్డోర్ అడిగాడు కాబట్టే ఆయన్ను చంపిన విషయం అన్నీ తెలుస్తాయి. అతని ధైర్యం అసామాన్యం. అందులో రెండో మాట లేదు.

అయితే అవే జ్ఞాపకాల్లో ఇంకొకటి కూడా ఉంది. తాను చాటుగా విన్న జోస్యాన్ని దుష్ట మాంత్రికుడు వోల్డ్‌మార్ట్‌కు చేరవేసింది స్నేపే. అది లిలీ కుటుంబం మీదికే వస్తోందని తెలిశాక ఆమె ఒక్కదాన్ని వదలమని వేడుకున్నాడు. భర్త, పసిబిడ్డ పోయినా ఫరవాలేదన్నట్టే మాట్లాడాడు. ఆ మాట విన్న డంబుల్డోర్ ముఖం మీదే అసహ్యించుకున్నాడు. ఇక స్నేప్ పాఠాలు చెప్పే తరగతి గది సంగతి. నెవిల్ అనే పిల్లాడికి ప్రపంచంలో అన్నిటికన్నా భయం వేసేది ఏమిటని మూడో పుస్తకం అడిగితే, వచ్చిన జవాబు స్నేప్. తల్లిదండ్రులు చిత్రహింసలకు మతి పోగొట్టుకున్న పిల్లాడు వాడు. అలాంటివాడికి ఆ చిత్రహింసలు పెట్టినవాళ్లకన్నా పాఠం చెప్పే మాస్టారంటే ఎక్కువ భయం. ఆ భయం ఏ గూఢచర్యంలోనూ భాగం కాదు. స్నేప్ త్యాగం నెవిల్ పడ్డ బాధను చెరపదు, నెవిల్ బాధ ఆ త్యాగాన్ని అబద్ధం చెయ్యదు. రెండూ నిజమేనని ఒప్పుకున్నప్పుడే ఆ పాత్ర పూర్తిగా అర్థమవుతుంది.

జైమీ విషయమూ అంతే. మొదటి పుస్తకంలో బ్రాన్ అనే ఏడేళ్ల పిల్లాణ్ని కిటికీలోంచి తోసేస్తాడు. 2000లో వచ్చిన మూడో పుస్తకంలో, కుడిచెయ్యి తెగిపోయి, స్నానాల తొట్టిలో కూర్చుని యోధురాలు బ్రియెన్‌కు తన కథ చెబుతాడు. నగరం మొత్తాన్ని తగలబెట్టమని పిచ్చి రాజు ఆజ్ఞాపించడం వల్లే అతన్ని చంపాడు. లోకం అతనికి రాజహంతకుడని పేరు పెట్టిన పని నిజానికి లక్షల ప్రాణాలు కాపాడింది. ఆ నింద అన్యాయమే. కానీ ఆ కథ విన్నంత మాత్రాన బ్రాన్ కాళ్లు తిరిగి రావు. గతం కారణం చెబుతుంది, శిక్ష మాఫీ చెయ్యదు.

అపోహ 5: చెడు ఎప్పుడూ విలన్ దగ్గరే ఉంటుంది. హీరోకు అంటదు.

వాస్తవం: ఉర్సులా కె. లె గ్విన్ 1968లో రాసిన 'ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ'లో చీకటి ప్రభువు ఎవరూ లేడు. మంత్రవిద్య నేర్చుకుంటున్న గెడ్, తోటి విద్యార్థి రెచ్చగొడితే గొప్ప చూపించుకోవాలని చనిపోయిన ఆత్మను పిలుస్తాడు. తెరుచుకున్న ఆ చీలికలోంచి ఒక నీడ బయటికొస్తుంది. దాన్ని మూసే ప్రయత్నంలో గురుపీఠంలోని పెద్దాయన ప్రాణం పోతుంది. నవలంతా గెడ్‌కూ ఆ నీడకూ మధ్య వేటే. చివరికి అతను దాన్ని తన సొంత పేరుతోనే పిలుస్తాడు. తన అహంకారానికి తానే బాధ్యుణ్నని ఒప్పుకోవడమే అతని విజయం.

ఫ్రోడో కూడా చివరి మెట్టు మీద ఉంగరాన్ని వదులుకోలేకపోతాడు. ఆ ఒత్తిడిని ఎవరూ తట్టుకోలేరని, అది నైతిక పతనం కాదని టోల్కీన్ స్పష్టంగా రాశాడు. స్వార్థంతో తప్పు చెయ్యడం వేరు, శక్తినంతా ధారపోసి కూలిపోవడం వేరు.

అపోహ 6: శత్రువు సైన్యంలో ఉన్నవాళ్లందరూ దుష్టులే.

వాస్తవం: మనుషులు మనుషులతో చేసే యుద్ధాన్ని శామ్ మొదటిసారి చూసినప్పుడు, దక్షిణాది సైనికుడి శవం అతని ముందు వచ్చి పడుతుంది. వాడి పేరేమిటో, ఏ ఊరి నుంచి వచ్చాడో, నిజంగా చెడ్డవాడేనా, లేక ఏ అబద్ధాలు, ఏ బెదిరింపులు ఇంటి నుంచి ఇంత దూరం తెచ్చాయో అని శామ్ ఆలోచిస్తాడు. శత్రు సైన్యంలోని ఓర్క్‌ల విషయంలో టోల్కీన్ తానే ఇబ్బంది పడ్డాడు. వాళ్లు ఎన్నటికీ బాగుపడలేని చెడ్డవాళ్లని దాదాపు రాయబోయానని, అంత మాట అనడం మితిమీరడమే అవుతుందని 1954 నాటి ఉత్తరం చిత్తులో రాసుకున్నాడు. ఈ ప్రశ్నకు ఆయన చివరిదాకా తృప్తికరమైన జవాబు చెప్పలేకపోయాడు.

అపోహ 7: అందరిదీ గ్రే షేడే అయితే, చెడు అనేదే లేదు.

వాస్తవం: ఉంది. 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్'లోని చీకటి ప్రభువు సౌరాన్ కూడా మొదట చెడ్డవాడు కాడని ఎల్రాండ్ అంటాడు. పరిపూర్ణ దుష్టత్వం అనేది ఉండదని టోల్కీన్ నమ్మకం. లోకాన్ని తన తెలివితో చక్కదిద్దాలన్న కోరిక, ఎదురు చెప్పినవారినల్లా తొక్కెయ్యాలన్న పట్టుదలగా మారినప్పుడు సౌరాన్ పుట్టాడు. వోల్డ్‌మార్ట్‌కు కూడా ఆఖరి పోరులో హ్యారీ ఒక అవకాశం ఇస్తాడు, పశ్చాత్తాపపడమంటాడు. వోల్డ్‌మార్ట్ దాన్ని కాలదన్నుకుంటాడు. హ్యారీ స్కూల్లోనే పాఠాలు చెప్పిన డొలోరెస్ అంబ్రిడ్జ్‌కైతే ఏ చీకటి ప్రభువూ అవసరం లేకపోయింది. పిల్లాడి చేతి చర్మం కోసే కలంతో వాడి చేతే వాక్యాలు రాయిస్తూ నవ్వగలిగింది. చెడు అంటే పుట్టుమచ్చ కాదు. ఎదుటివాడి బాధ కనిపిస్తున్నా మళ్లీ మళ్లీ అదే పని ఎంచుకోవడం.

పూర్తి విలన్ ఉన్న కథ తక్కువదనీ అనుకోనక్కర్లేదు. 1951 నాటి 'పాతాళ భైరవి'లో ఎస్వీ రంగారావు నేపాళ మాంత్రికుడికి ఏ ఫ్లాష్‌బ్యాకూ లేదు. ఆ జానపదానికి అది అక్కర్లేదు కూడా.

అపోహ 8: ఇలాంటి పాత్రలను ఇష్టపడితే పిల్లలు తప్పును మెచ్చుకోవడం నేర్చుకుంటారు.

వాస్తవం: పాత్ర మనసులోకి తొంగిచూడటం వేరు, ఆ పనిని సమర్థించడం వేరు. ఆ తేడా పిల్లలకు కథలే నేర్పుతాయి, పక్కన మాట్లాడే పెద్దలుంటే ఇంకా బాగా నేర్పుతాయి. స్నేప్ గొప్పవాడని మీ అమ్మాయి అంటే కొట్టిపారెయ్యకండి. నెవిల్ స్థానంలో నువ్వుంటే ఏమనిపించేదని అడగండి. స్నేప్ దుర్మార్గుడని మీ అబ్బాయి అంటే, అన్నేళ్లు అతను ఎవరికోసం ప్రాణం పణంగా పెట్టాడో అడగండి.

ఏ పాత్రనైనా తూచేటప్పుడు మూడు సంగతులు చూడాలి. అతను చేసిన పని వల్ల నష్టపోయిందెవరు? అతనికి వేరే దారి నిజంగా ఉందా? తప్పు తెలిశాక ఏం చేశాడు? మొదటి ప్రశ్న వదిలేస్తే బాధితులకు అన్యాయం చేస్తాం. రెండోది వదిలేస్తే నిస్సహాయుణ్ని నేరస్థుణ్ని చేస్తాం. మూడోది వదిలేస్తే మనిషి మారతాడన్న మాటకే అర్థం లేకుండా చేస్తాం. కథలోని మనిషి గురించి ఈ మూడూ అడగడం అలవాటైన పాఠకుడు, రేపు తన పక్కింటివాడి మీద తీర్పు చెప్పే ముందు కూడా ఇవే అడుగుతాడు.