ఆసుపత్రి గడప దాటిన తరువాత

మలేరియా పరాన్నజీవి ఎర్ర రక్తకణాలను నాశనం చేసి, కొత్త కణాల ఉత్పత్తినీ కుంటుపరుస్తుంది. ఆఫ్రికాలో ఎందరో పసిపిల్లల తీవ్ర రక్తహీనతకు ఇదొక ముఖ్యకారణం. హిమోగ్లోబిన్ డెసిలీటరుకు 4 గ్రాములకంటె తగ్గితే వెంటనే రక్తం ఎక్కించాలి. 4 నుంచి 6 గ్రాముల మధ్య ఉండి, ఆయాసం, స్పృహ తప్పడం వంటి ప్రమాద సూచనలు లేకుంటే, కనిపెట్టి ఉండి అవసరమైనప్పుడే ఎక్కించవచ్చునని ఉగాండా, మలావీలలో జరిపిన పరిశోధన 2019లో వెల్లడించింది. రక్తం కొరతగా ఉన్నచోట ఇది విలువైన సంగతి.

అయితే చికిత్స అంతటితో ముగియదు. ఇంటికి చేరిన పిల్లలకు ఆరు నెలలవరకు గండం పొంచి ఉంటుంది. రక్తం పుంజుకోకముందే మలేరియా తిరిగి సోకవచ్చు. కెన్యా, ఉగాండాలలో ఐదేళ్లలోపు పిల్లలకు నెలకొక విడత చొప్పున మూడు విడతలు నివారణ మందు ఇవ్వగా, మరణించే లేదా తిరిగి ఆసుపత్రి పాలయ్యే ప్రమాదం తగ్గిందని 2020లో తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఈ పద్ధతిని సిఫారసు చేసింది. ఇంటికి పంపేనాడు తల్లి చేతికందే మాత్రలూ చికిత్సలో భాగమే.