మాయ ఒకటే... ప్రాణాలు రెండు

జంట అరటిపండు తింటే కవలలు పుడతారని పల్లెల్లో పెద్దవాళ్లు ఇప్పటికీ అంటుంటారు. కడుపుతో ఉన్న పిల్లకు ఆ పండు అందకుండా దాచేస్తారు. పండుకూ కవలలకూ ఏ సంబంధమూ లేదు. అయితే కవలల కాన్పంటే జాగ్రత్త పడాలన్నది మాత్రం నిజం. ఒకే పోలికతో పుట్టే కవలల విషయంలో అది మరీ నిజం.

ఒకే పిండం రెండుగా చీలితే ఒకే పోలిక కవలలవుతారు. సుమారు 250 కాన్పుల్లో ఒకటి ఇలాంటిది. ఈ జంటల్లో నూటికి 70 దాకా ఒకే మాయను పంచుకుని పెరుగుతాయి. ఆ మాయలో ఇద్దరి రక్తనాళాలూ కలిసిపోయి ఉంటాయి. ఇచ్చిపుచ్చుకోవడం సరిసమానంగా ఉన్నంత కాలం చిక్కు లేదు. ఒకే మాయ పంచుకున్న జంటల్లో నూటికి 10 నుంచి 15 జంటలకు ఆ లెక్క తప్పుతుంది.

పల్లం చేను ముంపు, మెరక చేను ఎండు

ఒకే కాలువ కింద రెండు చేలున్నాయి. గట్టుకు గండి పడి నీరంతా పల్లపు చేలోకి పోతే అది మునుగుతుంది. మెరక చేను ఎండుతుంది. కడుపులోనూ ఇదే జరుగుతుంది. ఒక బిడ్డ రక్తం రెండో బిడ్డకు పోతుంది. రక్తం పోగొట్టుకున్న బిడ్డ చిక్కిపోతుంది, దాని చుట్టూ ఉమ్మనీరు ఇంకిపోతుంది. రక్తం ఎక్కువైన బిడ్డ గుండె మీద భారం పడుతుంది, దాని సంచిలో ఉమ్మనీరు పొంగుతుంది. తల్లి పొట్ట కొద్ది రోజుల్లోనే బిగుసుకుని పెరుగుతుంది, ఆయాసం వస్తుంది.

తొలి దశలో ఉంటే వైద్యులు చాలాసార్లు కనిపెట్టి చూస్తారు. ముదిరిన తర్వాత వైద్యం అందకపోతే బిడ్డల్లో నూటికి 80 మందికి పైగా దక్కరు. ఒక బిడ్డ పోతే రెండో బిడ్డ రక్తం ఆ నాళాల గుండానే చనిపోయిన బిడ్డలోకి జారి, మెదడు దెబ్బతినే ప్రమాదమూ ఉంది.

గండి పూడ్చే వైద్యం

పూర్వం పొట్టలోకి సూది గుచ్చి ఎక్కువైన ఉమ్మనీటిని తీసేవారు. అది పొంగిన నీటిని తోడటమే తప్ప గండిని పూడ్చడం కాదు. సన్నని గొట్టాన్ని గర్భంలోకి పంపి, కలిసిన నాళాలను లేజరుతో మూసివేసే పద్ధతిని అమెరికాలో జూలియన్ డి లియా బృందం 1990లో వెల్లడించింది. రెండు వైద్యాలనూ యూరప్‌లో పోల్చి చూసి 2004లో ఫలితాలు ప్రకటించారు. నీరు తీసిన తల్లుల్లో నూటికి 56 మందికి కనీసం ఒక బిడ్డ బతికి 28 రోజులు దాటింది. లేజరు చేసిన తల్లుల్లో 76 మందికి అలా దక్కింది.

వైద్యంతోనూ చిక్కులున్నాయి

లేజరుతో గండం పూర్తిగా గడిచినట్టు కాదు. గొట్టం పెట్టిన చోట సంచి చిరిగి ఉమ్మనీరు కారవచ్చు. కాన్పు నెలలు నిండకుండానే, తరచు 32 వారాల ప్రాంతంలోనే వస్తుంది. ఒక బిడ్డో, ఇద్దరూనో పోవచ్చు.

కంటికి ఆనని చిక్కు మరొకటుంది. వెంట్రుక లాంటి నాళాలు కొన్ని మూతపడకుండా మిగిలిపోతే రక్తం మెల్లగా ఊటలా పోతూనే ఉంటుంది. ఒక బిడ్డకు రక్తం చాలదు, రెండో బిడ్డకు రక్తం చిక్కబడుతుంది. ఉమ్మనీరు మాత్రం మామూలుగానే కనబడుతుంది. "నీరు సరిగానే ఉంది కదా" అని ఇంటిపట్టున ఉండిపోతే తెలియదు. బిడ్డ మెదడు నాళంలో రక్తం వేగాన్ని స్కానింగులో కొలిస్తేనే బయటపడుతుంది.

విడివిడిగా మూసిన చోట్లను కలుపుతూ మాయ మీద ఈ చివరి నుంచి ఆ చివరి దాకా గట్టు వేసినట్టు లేజరు నడిపితే ఈ చిక్కు తగ్గుతుందని యూరప్‌లో 274 మంది తల్లుల మీద జరిపిన పరీక్షలో తేలింది. 2014లో వెలువడిన ఆ లెక్కల ప్రకారం పాత పద్ధతిలో నూటికి 16 మందికి వచ్చిన ఈ జబ్బు, కొత్త పద్ధతిలో 3కు తగ్గింది. తగ్గింది కాని పోలేదు. అందుకే లేజరు తర్వాత కూడా కాన్పయ్యేదాకా వైద్యులు చెప్పిన రోజున స్కానింగుకు వెళ్లి తీరాలి.

అడగాల్సిన మాట ఒకటే

ఈ వైద్యం హైదరాబాద్, చెన్నై వంటి కొద్ది నగరాల్లోనే దొరుకుతుంది. సాధారణంగా 16 నుంచి 26 వారాల మధ్యే చేస్తారు. కనుక రోజులు పోగొట్టుకోకూడదు. కవలలని తెలిసిన వెంటనే "మాయ ఒకటా, రెండా?" అని వైద్యులను అడగాలి. మూడో నెలలో తీసిన స్కానింగులో ఇది బాగా తెలుస్తుంది. నెలలు పెరిగేకొద్దీ పోల్చడం కష్టం. ఆడా, మగా అని అడగడం నేరం. మాయ సంగతి అడగడం తల్లి హక్కు.

మాయ ఒకటేనని తేలితే 16వ వారం నుంచి రెండు వారాలకోసారి స్కానింగు తప్పదు. ప్రభుత్వాసుపత్రుల్లో నాలుగో నెల నుంచి గర్భిణులకు ప్రతి నెలా 9న ఉచిత పరీక్షలు 2016 నుంచి జరుగుతున్నాయి. పొట్ట ఉన్నట్టుండి పెరిగినా, నీరు కారినా, ఆయాసం వచ్చినా ఆ తేదీ కోసం ఆగకూడదు. ఆశా కార్యకర్తకు చెప్పి ఆ రోజే పెద్దాసుపత్రికి బయలుదేరాలి.