పని ఆపడం కూడా దాడే

"పని లేదు" అనే మాటకు మా పల్లెల్లో రెండు అర్థాలున్నాయి. వానల్లేక, పంటల్లేక పని లేకపోవడం ఒకటి. చేను కోతకొచ్చి నిలబడి ఉన్నా, "మాల మాదిగల్ని పన్లోకి పిలవొద్దు" అని ఊరు కట్టుబాటు చేస్తే పని పోవడం రెండోది. మొదటిదాన్ని నిరుద్యోగం అంటున్నారు. రెండోదాన్ని ఊరి గొడవ అని పక్కన పెడుతున్నారు. మేం మాట్లాడేది ఈ రెండోదాని గురించే.

చుండూరులో 1991 ఆగస్టు 6 హత్యాకాండకు ముందే దళితుల్ని వెలేశారు. 2017లో పశ్చిమ గోదావరి జిల్లా గరగపర్రులో అంబేద్కర్ విగ్రహం దగ్గర మొదలైన తగాదా వెలిదాకా పోయి, దళితులకు కూలిపనులు ఆగిపోయాయి. భూమి వాళ్ళది, రెక్కలు మాత్రమే మనవి అయినచోట కత్తి పట్టనక్కర్లేదు, పని ఆపితే చాలు.

పనాగిన ఇల్లు ఎలా గడుస్తుంది? ముందు రేషన్ బియ్యం, ఆపైన అప్పు. ఆడవాళ్ళు ఆటోలెక్కి పక్కూళ్ళకి పోతారు. కూలిలో కొంత ఆటోకే పోతుంది. కమ్మలు తాకట్టుకెళ్తాయి. పెద్దపిల్లాడు చదువు మాని పట్నంలో మేస్త్రి కింద చేరతాడు. మా ఇళ్ళల్లో మొదటిసారి యూనివర్సిటీ గడప తొక్కిన మాకు ఆ కమ్మల విలువ తెలుసు. సరిగ్గా అప్పుడే ఊరి పెద్దల కబురొస్తుంది: "కేసు తీసేసుకోండి, రేపట్నుంచి పన్లోకి రండి." రాజీ పడ్డవాళ్ళని పిరికివాళ్ళనడం తేలిక. వాళ్ళని ఒప్పించింది ఆకలి.

అందుకే సాయం ఎప్పుడొస్తుందన్నదే అసలు ప్రశ్న. అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం సాంఘిక, ఆర్థిక బహిష్కరణ నేరం. కూలికి పెట్టుకోకపోవడం, లావాదేవీలు ఆపడం ఆర్థిక బహిష్కరణ కిందికొస్తాయి. శిక్ష ఆర్నెల్ల నుంచి ఐదేళ్ళు, జరిమానా. బాధితుడికి లక్ష రూపాయల సాయం ఉంది, కానీ అది ఛార్జిషీటు వేశాకే. అందాకా పొయ్యి వెలగాలంటే పట్టుకోవాల్సింది మరో నిబంధన: తిండి, నీళ్ళు, బట్ట, వైద్యం లాంటి తక్షణ సాయం ఏడు రోజుల్లో అందేలా కలెక్టరు చూడాలి. దీన్ని దయ అనుకుని అడక్కుండా ఉండొద్దు, ఇది హక్కు.

కార్యకర్తలు, చదువుకున్న పిల్లలు చెయ్యాల్సిన పని చిన్నదే. ఎవరికి ఏ తేదీన పని ఆగింది, ఎవరు వద్దన్నారు, ఎంత కూలి పోయింది - ఇంటింటికీ తిరిగి రాసిపెట్టండి. ఫిర్యాదులో "బహిష్కరణ" అన్న మాట పడేలా చూడండి. అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి.

1985 జులై 17న కారంచేడులో ఆరుగుర్ని చంపాక, బతికినవాళ్ళు చీరాల తరలివచ్చి విజయనగర్ కాలనీలో నిలదొక్కుకున్నారు. మళ్ళీ పన్లోకి పోవడమంటే అదే దొర చేలోకి తల వంచుకుని పోవడం కాదు. కేసు నిలబడాలంటే ముందు ఇల్లు నిలబడాలి.